ఆమె ఎత్తిన బరువు

ఈ కథ ఎలా ముగుస్తుందో ముందే చెప్పేస్తాను. యాభై ఏడేళ్ల వయసులో, ఇంకా అయిదేళ్ల సర్వీసు మిగిలి ఉండగానే, ఒక స్టాఫ్ నర్సు స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం మీద సంతకం పెట్టింది. నిలబడే పెట్టింది. కూర్చుంటే మళ్లీ లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. ముప్పై మూడేళ్ల పాటు ముక్కూ మొహం తెలియని ఎన్ని వేలమందిని చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెట్టిందో, ఆ మనిషే.

పేరు చెప్పను. చెబితే ఒక్కరి కథ అవుతుంది. ఇది ఒక్కరిది కాదు. కోస్తా జిల్లాల పెద్దాసుపత్రుల్లో పనిచేసి ఇళ్లకు చేరిన సిస్టర్ల బతుకులు కొన్ని కలిసి ఈ 'ఆమె' అయ్యాయి. ఒకరి నడుము, ఇంకొకరి మోకాళ్లు, మరొకరు చివరిదాకా గొంతులోనే దాచుకున్న మాట. చదువుతుంటే మీ వీధిలో ఎవరో గుర్తొస్తే, ఆమె కూడా ఇందులో ఉన్నట్టే అనుకోండి.

ఆమె తల్లి మిరప కోతల కూలి. ఆ ఇంటి నుంచి జీతం తెచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె. ఈ పని అలాంటి ఇళ్లకు చేరిన దారి పాతది. అమెరికా లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చింది. కుగ్లర్ పట్టుబట్టి కట్టించిన ఆసుపత్రి 1898లో తలుపులు తెరిచింది. అలాంటి మిషన్ ఆసుపత్రుల వరండాల్లో ఎందరో తెలుగు ఆడపిల్లలు ఈ పని నేర్చుకున్నారు. పరాయి మగాడి ఒళ్లు తుడవాలి, మలమూత్రాలు ఎత్తాలి అని పరువు గల ఇళ్లు తమ పిల్లల్ని పంపడానికి వెనకాడాయి. వెనకాడే తాహతు లేని ఇళ్లు పంపాయి. ఆ ఇళ్లకు ఈ పని పెంకుటిల్లు ఇచ్చింది, తమ్ముళ్లకు చదువు ఇచ్చింది, 'సిస్టరమ్మ' అనే గౌరవం ఇచ్చింది. అందుకే ఈ పని వదలడం గురించి ఆ ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. అన్నం పెట్టిన పనికి వంక పెట్టడంలా ఉంటుంది.

శిక్షణ మొదట్లో దీపాలు పట్టించి ప్రమాణం చేయించారు. నైటింగేల్ ప్రమాణం అంటారు గాని అది నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ అనే నర్సు పెద్ద, తన తోటివారితో కలిసి కూర్చింది. ఆ ప్రమాణంలో పవిత్రత ఉంది, విధేయత ఉంది, రోగి రహస్యం కాపాడటం ఉంది. ఎత్తబోయే బరువు గురించి ఒక్క మాట లేదు. తెల్లగౌను వేసుకున్న ఇరవై ఏళ్ల పిల్ల దీపం పట్టుకుని ఆ మాటలు పలికింది. ఆనాడు తనకొక నడుమున్న సంగతి ఆమెకూ గుర్తులేదు. ఆ వయసులో ఎవరికి గుర్తుంటుంది!

1989లో ఉద్యోగం వచ్చింది. ఆర్థో వార్డులో వేశారు.

ఆ వార్డులో ఆమె ఎలాంటి నర్సో చెప్పకుండా, ఏం పోయిందో చెప్పలేను. తొడ ఎముక విరిగి, కాలికి బరువులు వేలాడదీసుకుని, నెలల తరబడి వెల్లకిలా పడుకునే రోగులు వాళ్లు. విరిగిన ఎముక కంటే ముందు వాళ్లను తినేది పడకపుండు. పిరుదుల దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడుతుంది, నల్లబడుతుంది, తరవాత ఎముక తేలేదాకా లోతుకు పోతుంది. రెండు గంటలకోసారి ఒత్తిడి తప్పించాలి అని పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో అది ఒక్క వాక్యం. వార్డులో అది ఒక ఆడమనిషి నడుము. ఆమె డ్యూటీలో ఉన్న మంచాల మీద కొత్త పుండు పడితే ఆ రోజు ఆమెకు అన్నం సహించేది కాదట. దుప్పటి తీయకుండానే వాసన బట్టి చెప్పేది, పన్నెండో మంచం మనిషికి వీపు మీద తడి ఉందని. నరం దొరకని ముసలమ్మలకు సూది పెట్టాలంటే పక్క వార్డుల వాళ్లు కూడా ఆమె కోసం కబురు పంపేవారు. రోగిని ఎత్తే ముందు చెవి దగ్గర చెప్పేది, "నాన్నా, ఇప్పుడు నిన్ను జరుపుతాం, నా మెడ పట్టుకోకు, నా చెయ్యి పట్టుకో" అని. ఆ ఒక్క మాటతో భయం సగం దిగేది. ఇవన్నీ ఎక్కడా రాసి లేవు. ఆమె చేతుల్లో ఉన్నాయి, అంతే.

బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి లెక్క. ఆమె రాత్రి డ్యూటీల్లో ఒక్కత్తే ముప్పై, నలభై మందిని చూసింది. మంచాలు నిండితే రోగులను నేల మీద పరుపులేసి పడుకోబెడతారు. మంచం మీది మనిషికి వంగితే చాలు, నేల మీది మనిషికి మోకాళ్ల మీద కూర్చోవాలి, లేవాలి, మళ్లీ కూర్చోవాలి. ఆయాలు, ఎమ్మెన్వోలనే మగ సహాయకులు ఉంటారు. ఉన్నా ఆ సమయానికి ఒకడు ఎక్స్‌రేకు స్ట్రెచర్ తోసుకు వెళ్లి ఉంటాడు, ఇంకొకడు శవాన్ని దింపడానికి వెళ్లి ఉంటాడు.

ఇక ఒకటొకటిగా, తెరుచుకుని మూసుకుపోయిన తలుపుల దగ్గరికి వెళదాం. వాటి దగ్గర కాస్త ఆగాలి.

మొదటిది 1999. ఆమెకు ముప్పై నాలుగు. ఒంట్లో నొప్పనేది లేదు. పోస్ట్ బేసిక్ బీఎస్సీకి దరఖాస్తులు పిలిచారు. జీఎన్ఎం డిప్లొమా చదివినవాళ్లు మరో రెండేళ్లు చదివితే బీఎస్సీ నర్సింగ్ పట్టా వస్తుంది. పట్టా ఉంటే ట్యూటరు కావచ్చు, నర్సింగ్ స్కూల్లో నల్లబల్ల ముందు నిలబడవచ్చు, ఆపై ఎమ్మెస్సీకి పోవచ్చు. వార్డు బల్ల మీదే, టెంపరేచర్ చార్టుల మధ్య, నీలం ఇంకు పెన్నుతో ఆమె దరఖాస్తు నింపింది. ఫోటో కూడా అంటించింది. సరిగ్గా ఆ నెలలోనే అత్తగారికి పక్షవాతం వచ్చింది.

"ఇంట్లో నర్సుండగా వేరే మనిషెందుకు?" అన్నారు. ఎవరన్నారని అడక్కండి, అందరూ అన్నారు. భర్త ఆర్టీసీలో కండక్టరు, మంచివాడే, చెడ్డమాట ఆడేవాడు కాదు. "ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు పోదువుగానిలే" అన్నాడు. ఆ ముక్కలో కోపం లేదు, నిషేధం లేదు. అందుకే దాన్ని ఎదిరించే వీలూ లేకపోయింది. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచుకుంది. రాత్రి వార్డులో నలభై మందిని జరిపి, పగలు ఇంట్లో అత్తగారిని జరిపింది. అత్తగారు ఆ తరవాత ఆరేళ్లు బతికింది. ఒక్క పడకపుండు లేకుండా పోయింది. ఊరంతా ఆ మాట చెప్పుకుంది. ఆడపడుచుల్లో ఒక్కరు, "వదినా, రెండేళ్లు అమ్మను మేం వంతులేసుకుని చూస్తాం, నువ్వెళ్లి చదువుకో" అని ఉంటే ఈ కథ ఇక్కడే మలుపు తిరిగేది. మంచివాళ్ల మధ్యనే, ఎవరి తప్పూ పెద్దగా లేకుండానే, ఒక మనిషికి రావలసిన రోజులు రాకుండా పోతాయి. దాని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు దొరకదు.

వచ్చే ఏడు అన్నది మరి రాలేదు.

ఆ ముప్పై నాలుగో ఏట ఆమెకు ఎవరైనా చెప్పి ఉండాల్సిన సంగతి ఒకటుంది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు లోపలి భాగానికి రక్తనాళాలు లేవు, నొప్పి తెలిపే నరాలూ లేవు. బావి గిలక కింద చేంతాడు పోగు పోగుగా ఒరుసుకుపోయినట్టు అది చప్పుడు లేకుండా అరుగుతుంది. నొప్పి తెలిసేనాటికి అరగాల్సింది చాలావరకు అరిగిపోయి ఉంటుంది. అంటే బరువు పని నుంచి పక్కకు జరగాల్సిన కాలం, జరగాలని అస్సలు అనిపించని కాలమే. ఒళ్లు బాగున్నప్పుడు ఎవరూ వెళ్లరు. ఒళ్లు పాడయ్యాక వెళ్లడానికి చోటుండదు.

2006లో ఒక రాత్రి, రెండు దాటాక, నేలపడక మీది లారీ డ్రైవరు కలవరిస్తూ లేవబోయాడు. తుంటికి ప్లేటు వేసి అప్పటికి మూడు రోజులు. పడితే ప్లేటు ఊడిపోతుంది. ఆమె పరుగెత్తి, వంగి, ఒరిగి, అతని బరువంతా ఒక పక్కకు తీసుకుంది. ఆయా అందుకునేలోగా ఆమె నడుములో ఏదో కదిలింది. చెప్పుకోదగ్గ చప్పుడేం కాదట. అతను పడలేదు. అతని కాలు దక్కింది. అతను ఇవాళ ఏ హైవే మీదో ఉండే ఉంటాడు, తనకు ఆ రాత్రి గుర్తుండదు. ఆమె గోడ పట్టుకుని డ్యూటీ గదికి వెళ్లి, తోటి సిస్టర్ చేత డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకుని, తెల్లవారి మందులు పంచి, డ్యూటీ అప్పగించి, బస్సులో నిలబడి ఇంటికి వెళ్లింది.

స్కాన్‌లో నాలుగు, అయిదు నడుము పూసల మధ్య డిస్కు జారింది. వార్డు ఎముకల డాక్టరే చూశాడు. "సిస్టర్, ఇక మీదట వంగకండి, బరువులెత్తకండి" అన్నాడు. "సరే సార్" అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారట. నాకు ఈ కథలో అన్నిటికంటే కష్టంగా ఉండేది ఆ నవ్వే. నిజం ఇద్దరికీ తెలుసు. చేయగలిగింది లేదన్న సంగతీ ఇద్దరికీ తెలుసు.

ఆ మరుసటి ఏడు, 2007లో, థామస్ వాటర్స్ అనే అమెరికా పరిశోధకుడు ఒక హద్దు లెక్కగట్టాడు. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా నర్సు తన చేతులతో రోగి బరువు 35 పౌండ్లు, అంటే దాదాపు 16 కిలోలకు మించి ఎత్తకూడదు. డెబ్బై కిలోల మనిషి ఒక్క కాలే పదకొండు కిలోల దాకా తూగుతుంది. రెండు కాళ్లూ కలిపి ఎత్తితే హద్దు దాటిపోయినట్టే. ఆమెకు శిక్షణలో నేర్పిన సూత్రం వేరు: మోకాళ్లు వంచు, నడుము వంచకు, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకో. అది పెట్టెకు పనికొచ్చే సూత్రం. మనిషికి పట్టుకోవడానికి పిడులుండవు. నొప్పి పుడితే విదిలిస్తాడు, చెమటకు జారిపోతాడు, భయమేస్తే మెడకు వేలాడతాడు. అంత జాగ్రత్తగా వంగడం నేర్పినంత మాత్రాన నడుములు మిగలవని తరవాతి పరిశోధనలు తేల్చాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో నర్సుల సంఘం 1998లోనే 'చేతులతో ఎత్తేది లేదు' అనే విధానం తెచ్చుకుంది. అమెరికాలో టెక్సస్ 2005లో, కాలిఫోర్నియా 2011లో చట్టాలు చేశాయి. రోగిని గాల్లోకి లేపే యంత్రాలు, ఒంటి కింద జారే షీట్లు వచ్చాయి. అప్పటి మన కార్ఖానాల చట్టం 1948 నాటిది. కార్మికుల చేత హాని కలిగించేంత బరువు ఎత్తించరాదని అందులో 34వ సెక్షన్ ఉండేది. సిమెంటు బస్తాకు హద్దుండేది. ఆసుపత్రి కార్ఖానా కాదు గనక, మనిషికి హద్దు లేకపోయింది. ఆమె వార్డులో ఎత్తే యంత్రమంటే దుప్పటి నాలుగు కొసలు, నలుగురు మనుషులు, "ఒకటీ, రెండూ, మూడూ" అనే కేక. నలుగురు దొరక్కపోతే ఇద్దరు.

తేలిక పని ఇమ్మని ఆమె ఒక్కసారి అర్జీ పెట్టింది. టీకాల గది, లేదంటే ఇంజెక్షన్ల గది. అక్కడ అప్పటికే ఇంకొక సీనియర్ ఉంది, ఆవిడ నడుము ఇంకా అన్యాయం. వరసలో మరో ఇద్దరున్నారు. పై అధికారి కటువుగా ఏమీ అనలేదు. "వార్డులో మీలాంటి చెయ్యి నాకు మళ్లీ దొరకదమ్మా" అన్నారు. మెచ్చుకోలు అది. ఆ మెచ్చుకోలే ఆమెను మరో పదిహేనేళ్లు ఆ మంచాల దగ్గర కట్టేసింది. రెండోసారి అడగలేదు. కుర్రపిల్లలు 'అక్క పని తప్పించుకుంటోంది' అనుకుంటారని బిడియం. తాను కుర్రతనంలో కొందరు సీనియర్ల గురించి సరిగ్గా అలాగే అనుకున్న సంగతి ఆమెకు గుర్తుంది.

పైగా మనసులో ఇంకో ముల్లు. మంచం వదిలిన నర్సు నర్సేనా?

ఈ ముల్లు నాటిన దీపం గురించే ఒక మాట చెప్పాలి. ఫ్లారెన్స్ నైటింగేల్ యుద్ధపు ఆసుపత్రుల్లో గడిపిన కాలం రెండేళ్లకు లోపే. 1854 చివర వెళ్లింది, 1855 మేలో బాలక్లావాలో జ్వరంతో చావు దాకా వెళ్లి వచ్చింది, 1856 ఆగస్టుకు ఇల్లు చేరింది. అప్పటికి ఆమెకు ముప్పై ఆరు. 1857 నుంచి ఏళ్లకేళ్లు మంచం మీద, గది లోపల గడిపింది. రోగి పక్కన నిలబడే పని మళ్లీ చేయలేదు. 1859లో నర్సింగ్ మీద పుస్తకం రాసింది, 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణాలయం పెట్టించింది, హిందూదేశం ముఖం చూడకుండానే ఇక్కడి సైనికుల నివాసాల మురికి మీద ఏళ్ల తరబడి పోరాడింది. 1910లో, తొంభై ఏళ్లు నిండి, పోయింది. అంటే నర్సులందరూ దీపం పట్టి తలచుకునే ఆ తల్లి, బతుకులో ఎక్కువ భాగం కలంతో నర్సు. ఆమెను ఎవరూ డ్యూటీ తప్పించుకుందని అనలేదు. అయితే ఆమెకు 1853 నుంచి తండ్రి ఏటా 500 పౌండ్లు ఇచ్చేవాడు. మన సిస్టరమ్మ తండ్రి పోయేనాటికి మిగిల్చింది మిరప కల్లంలో చేసిన బాకీ. మంచం పక్క నుంచి బల్ల దగ్గరికి జరగడానికి నైటింగేల్‌కు దారి డబ్బు వేసింది. మన ఆమెకు ఆ దారి ఆఫీసు వేయాలి, కాలేజీ సీటు వేయాలి, ఇంట్లోవాళ్లు వేయాలి. ఎవరి వంతు వాళ్లు కొంచెం కొంచెంగా వేయలేదు.

2014లో రెండు సంగతులు జరిగాయి. కొత్త ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 60కి పెరిగింది. ఆమెకు హెడ్ నర్సుగా ప్రమోషన్ వచ్చింది, మూడు జిల్లాల అవతలి ఊరికి. కూతురు ఇంటరు. భర్తకు షుగరు, అరికాలి పుండు మానడం లేదు. ఆమె ప్రమోషన్ వద్దని రాసిచ్చింది. సర్కారీ కొలువుల్లో ఆడవాళ్లు ఇలా రాసిచ్చే కాగితాలు ఎన్ని ఫైళ్లలో ఉన్నాయో! హెడ్ నర్సు అయినా మనుషులు తక్కువైన పూట ఎత్తక తప్పదన్నది నిజమే. కానీ రాత్రులు తగ్గేవి, సగం పని రిజిస్టర్లలో ఉండేది. యాభై దగ్గరపడిన ఆడమనిషికి నెలసరి ఆగి ఎముక పలచబడే కాలమది. ఆ కాలంలో దక్కే సగం విశ్రాంతి కూడా చిన్నది కాదు.

అప్పటికే బెల్టు లేకుండా డ్యూటీ లేదు. చీర మీద తెల్లకోటు, కోటు కింద నడుము బెల్టు, బెల్టు కింద వాతం నూనె వాసన. ఎడమ కాలు తొడ వెనక నుంచి మడమ దాకా లాగేది. మాత్రలు వేసుకుని కడుపు పాడైంది, కడుపుకు మరో మాత్ర. ఇంటికొచ్చి నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్లు కుర్చీ మీద పెట్టుకునేది. అన్నం వండటానికి లేవాలంటే పిల్లను పిలవాలి. పిలిచేది కాదు, గోడ పట్టుకునేది.

2020 వచ్చింది. నైటింగేల్ పుట్టి రెండు వందల ఏళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏటిని నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ముందే ప్రకటించి పెట్టుకుంది. అంతలో కోవిడ్ వచ్చిపడింది. మార్చి 22 సాయంత్రం ఆసుపత్రి సిబ్బంది కోసం దేశమంతా చప్పట్లు కొట్టింది, కంచాలు మోగించింది. మే 3న సైనిక హెలికాప్టర్లు హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మీదా, దేశంలో ఇంకెన్నో ఆసుపత్రుల మీదా పూలు చల్లాయి. టీవీలో అది చూసి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. నిజంగానే సంతోషపడింది. ఆ సంతోషాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు.

ఆ పూలు పడ్డ కాలంలోనే వార్డులో ఒక కొత్త పని మొదలైంది. ఊపిరి అందని రోగిని బోర్లా తిప్పాలి, గంటల తరబడి అలా ఉంచాలి, మళ్లీ వెల్లకిలా తిప్పాలి. ముక్కులో గొట్టాలు, చేతికి సెలైన్లు, మూత్రపు సంచి, వీటిలో ఒక్కటీ ఊడకూడదు. పెద్ద ఒళ్లయితే అయిదుగురు కావాలి. ప్లాస్టిక్ సూటు లోపల చెమట కాలువలు, కళ్లద్దాల మీద ఆవిరి, దాహమేసినా నీళ్లు తాగే వీలు లేదు. యాభై అయిదేళ్ల ఆమెకు కోవిడ్ వార్డు వద్దని చెప్పే అవకాశం ఉందని తోటివాళ్లు అన్నారు. ఆమె చెప్పలేదు. పడుకున్న మనిషిని పుండు పడకుండా, గొట్టం ఊడకుండా తిప్పడం తనంతగా ఆ వార్డులో ఎవరికీ రాదని ఆమెకు తెలుసు. ఆమె జీవితకాలపు విద్య అదే. ఆ విద్యే ఆమెను అక్కడికి పిలిచింది. కాలు తిమ్మిరెక్కి, మొద్దుబారి, పాదం కొస పైకి లేవడం మానేసింది అక్కడే.

2022 జనవరి 1 నుంచి పదవీ విరమణ వయసు 62 అయింది. కుర్చీలో కూర్చుని పనిచేసే ఉద్యోగులు స్వీట్లు పంచుకున్నారు. నర్సుల్లోనూ సంతోషించినవాళ్లున్నారు, పిల్లల ఫీజులున్నాయి, ఇంటి అప్పులున్నాయి. ఆమె మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. చేరిన రోజున హద్దు 58. ఆ లెక్కన ఇంకొక్క ఏడాది. ఇప్పుడు అయిదేళ్లు. గుమాస్తాకు, వార్డు నర్సుకు ఒకే జీవో, ఒకే అంకె. ఒకరికది జీతం, ఒకరికి మరో కొన్ని వేల సార్లు వంగడం. వయసు పెంచినవాళ్ల మనసులో దుర్మార్గం ఉందని నేననను. యాభై దాటిన నర్సుకు ఈ అదనపు ఏళ్లలో పని మార్చాలన్న ఆలోచన ఆ కాగితంలో లేదు, అంతే.

ఆ ఏడు వర్షాకాలంలో వెన్ను ఆపరేషను అయింది. రెండు స్క్రూలు, ఒక రాడ్డు అని చెప్పుకుంటారు గాని లెక్క అంతకంటే ఎక్కువే. నొప్పి తగ్గింది, పాదం తిరిగి రాలేదు. ఆ ఏడే సంతకం పెట్టింది.

ఇప్పుడామె వాకర్‌తో నడుస్తుంది. చర్చిలో ఆడవాళ్లంతా చాప మీద కూర్చుంటారు, ఆమెకు వెనక ప్లాస్టిక్ కుర్చీ. ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ చూడగానే ఎంత బరువుంటాడో కిలోల్లో చెప్పేస్తుంది, ఒకటి రెండు తేడాతో. మనవరాలు నవ్వుతుంది. ఆమె కూడా నవ్వుతుంది.

ఇంతకీ పోయింది నడుమేనా అంటే కాదు. నడుము గురించైతే ఇంతసేపు చెప్పనవసరం లేదు. ఈ దేశంలో విరిగే నడుములు చాలా ఉన్నాయి, చేలల్లో, ఇటుక బట్టీల్లో. పోయింది ఆమెకు తెలిసినది. వాసన బట్టి పుండును పసిగట్టడం, దొరకని నరాన్ని వేలి కొసతో వెతకడం, భయపడ్డ మనిషిని ఏ మాటతో కదిలించాలో ఎరగడం. ముప్పై ఆరేళ్లకే ఆమె నల్లబల్ల ముందుకు వెళ్లి ఉంటే, ఏటా కొత్తగా వచ్చే పిల్లలకు ఇదంతా అబ్బేది. వాళ్ల చేతుల మీదుగా ఎన్ని వార్డులకు పాకేదో. ముప్పై మూడేళ్లు మనం ఆమె నడుమును వాడుకున్నాం, ఆమె తలను ముట్టుకోలేదు. ఇప్పుడా విద్య ఒక వరండాలో, వాకర్ పక్కన, ఎవరూ అడగని చోట ఉంది.

ఆమెకు పింఛనన్నా ఉంది. 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్లలో చాలామందికి ఆ పాత పింఛను లేదు. కాంట్రాక్టు మీద, ఔట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్న పిల్లలకు ప్రమోషన్ల వరసే లేదు, వద్దని రాసివ్వడానికి కూడా. ప్రైవేటు ఆసుపత్రుల వార్డుల్లో ముసలి నర్సు కనబడిందా మీకెప్పుడైనా? నాకు కనబడలేదు. వాళ్లంతా ఎక్కడికి పోయారో ఎవరూ అడగరు.

తలుపులు ఇవాళ కాస్త ఎక్కువే ఉన్నాయి. పోస్ట్ బేసిక్ ఉంది, ఎమ్మెస్సీ ఉంది. ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ కంట్రోలు, క్వాలిటీ విభాగాలు వచ్చాయి. ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాల్లో బీఎస్సీ చదివిన నర్సులు కూర్చుని బీపీ, షుగరు చూస్తున్నారు. హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తున్న నర్సులున్నారు. వీటిలో చాలావాటికి వయసు హద్దుంది, లేదా ఒక పట్టా కావాలి. ఆ పట్టాకు రెండేళ్లు పడుతుంది.

కాబట్టి, వార్డులో ఉన్న చెల్లెమ్మా, నీకు ముప్పై దాటి, నడుము ఇంకా బాగానే ఉంటే, ఈ ఏడే దరఖాస్తు పెట్టు. నువ్వు మంచాన్ని వదిలిపోవడం లేదు, ఆ మంచం దగ్గరికి ఇంకా పదిమందిని పంపడానికి వెళుతున్నావు. ఇంట్లో నర్సుండగా వేరే మనిషెందుకని ఎవరైనా అంటే, ఈ కథ వాళ్ల చేతికివ్వు. అయ్యా, ఆ ఇంటి మగాళ్లూ, ఆడపడుచులూ, మిమ్మల్నీ ఒకటి అడుగుతున్నాను. ఆ రెండేళ్లు మీ అమ్మను మీరు చూసుకోండి.